ఉబుంటులో కొత్త 4 టీబీ డిస్క్: ప్రతి బూట్‌లోనూ అదే చోట మౌంట్ కావాలంటే

అడిగిన విషయం ఇది. విజయవాడ గవర్నరుపేటలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియో. ఉబుంటు 22.04, సిస్టమ్ అంతా 256 జీబీ ఎస్ఎస్‌డీ మీద ఉంది. ఫుటేజీ కోసం 4 టీబీ హార్డ్ డిస్క్ కొని క్యాబినెట్ లోపల బిగించారు. ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో (ఏ ఫోల్డర్‌గా తెరుచుకోవాలో) చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో /డెవ్/ఎస్‌డీబీ1 అని రాశారు. కొన్నాళ్లు బాగానే నడిచింది. కార్డ్ రీడర్ తగిలించి ఉండగా ఆన్ చేసిన రోజు మాత్రం ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయింది. మామూలుగా లేచిన రోజున కూడా కాపీ చేయబోతే ‘పర్మిషన్ డినైడ్’ అంటోంది. పైగా 4 టీబీ అని కొన్నది 3.6 అని చూపిస్తోంది, షాపులో మోసపోయామా అని అనుమానం.

షాపు వాళ్ల తప్పేం లేదండి. కంపెనీ లెక్కలో 4 టీబీ అంటే 4 లక్షల కోట్ల బైట్లు. లినక్స్ ఆదేశాలు దాన్ని వెయ్యితో కాకుండా 1024తో భాగిస్తూ పోతాయి, అందుకే 3.6 దగ్గర తేలుతుంది. షాపు విషయంలో చూసుకోవాల్సింది వేరే ఉంది: డిస్క్ నిజంగా కొత్తదేనా అన్నది. దానికి స్మార్ట్‌మాన్‌టూల్స్ ప్యాకేజీ వేసుకుని స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) తీయండి.

కింద ఆదేశాలన్నీ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి, పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాను.

సుడో స్మార్ట్‌సీటీఎల్ -ఏ /డెవ్/ఎస్‌డీబీ

పట్టికలో 9వ నంబరు పవర్ ఆన్ అవర్స్. కొత్త డిస్క్‌లో, మీరు వాడిన గంటలు పోను, అది సున్నా, లేదంటే ఒకటి రెండు గంటలు ఉండాలి. వేలల్లో ఉంటే ఎక్కడో వాడి తీసిన సరుకు, వెంటనే వెనక్కి ఇచ్చేయండి. 5, 197, 198 నంబర్ల ఎదురుగా చివరి గడిలో సున్నా తప్ప మరేదీ ఉండకూడదు. 199వది యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్లు. ఇది పెరుగుతూ పోతుంటే డిస్క్‌ని అనుమానించే ముందు సాటా కేబుల్ మార్చి చూడండి, ఎక్కువసార్లు దోషం అక్కడే ఉంటుంది. ఫుటేజీ ఎక్కించే ముందు ఒక రాత్రి లాంగ్ టెస్ట్ పెట్టండి (అదే ఆదేశంలో -ఏ బదులు -టీ లాంగ్). 4 టీబీకి చాలా గంటలు పడుతుంది, సుమారు ఎన్ని నిమిషాలో టెస్ట్ మొదలెట్టగానే అదే చెబుతుంది.

పవర్ కేబుల్ గురించి ఒక మాట. ఎస్ఎంపీఎస్‌లో సాటా ప్లగ్ మిగల్లేదని పాత నాలుగు పిన్నుల ప్లగ్ నుంచి సాటాకి మార్చే చిన్న కేబుల్ వాడుతుంటారు. వాటిలో ప్లాస్టిక్ మొత్తం ఒకే ముద్దగా పోతపోసిన రకం వద్దు. లోపల వైర్లు దగ్గరదగ్గరగా ఉండి షార్ట్ అయి కాలిపోయిన సందర్భాలు బాగా ఎక్కువ. వైర్లు విడివిడిగా నొక్కి బిగించిన రకమే తీసుకోండి. బయోస్‌లోనే డిస్క్ కనబడకపోతే మదర్‌బోర్డ్ మాన్యువల్ తీయండి. ఎం.2 స్లాట్‌లో ఎస్ఎస్‌డీ ఉంటే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయని బోర్డులు ఉన్నాయి. కేబుల్ పక్క పోర్టుకి మార్చితే చాలు.

ఇక అసలు సమస్య. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్నవి డిస్కులకు శాశ్వతంగా ఉండే పేర్లు కావు. బూట్ అయ్యేటప్పుడు ఏది ముందు దొరికితే దానికి వరసగా కెర్నల్ తగిలించేవి. కార్డ్ రీడర్‌లో కార్డు లేకపోయినా ఒక్కో స్లాట్ ఒక్కో పేరు పట్టేయగలదు. ఆ రోజు రీడర్ ఎస్‌డీబీ అయింది, మీ డిస్క్ ఎస్‌డీసీకో ఎస్‌డీడీకో జరిగింది. ఎఫ్‌స్టాబ్‌లో రాసిన ఎస్‌డీబీ1 కోసం సిస్టమ్‌డీ (బూట్ పనులన్నీ నడిపే ప్రోగ్రామ్) 90 సెకన్లు ఎదురుచూసి, దొరక్క చేతులెత్తేసింది. ఎఫ్‌స్టాబ్‌లో ఉన్న డిస్క్ ఏదైనా, అది తప్పనిసరి అనే దాని లెక్క. తప్పనిసరి కాదని మనం రాయకపోతే ఆ ఒక్కదాని కోసం బూట్ మొత్తం ఆపేస్తుంది.

ఇప్పుడు మొదటి నుంచి. ముందు ఏది ఏ డిస్కో తేల్చుకోండి.

ఎల్ఎస్‌బీఎల్‌కే -ఓ నేమ్,సైజ్,మోడల్,సీరియల్,ఎఫ్ఎస్‌టైప్,మౌంట్‌పాయింట్

సీరియల్ నంబరును డిస్క్ మీది స్టిక్కర్‌తో సరిచూసుకోండి. సైజు చూసి సరిపెట్టుకోవద్దు, రేపు రెండో 4 టీబీ డిస్క్ పెట్టినప్పుడు సైజు మిమ్మల్ని ముంచుతుంది. ఇక్కడ తప్పు డిస్క్ పేరు కొట్టి, వచ్చే హెచ్చరికకు అవునని చెబితే కింది ఆదేశాలు పాత పెళ్లిళ్లన్నీ తుడిచేస్తాయి. డిస్క్‌ను ఇప్పటికే ఈఎక్స్‌టీ4గా (లినక్స్ సొంత ఫైల్ సిస్టమ్) ఫార్మాట్ చేసి అందులో సరుకు నింపి ఉంటే పార్టిషన్, ఫార్మాట్ రెండూ వదిలేసి కింద ఫోల్డర్ దగ్గరికి వెళ్లిపోండి.

సుడో పార్టెడ్ /డెవ్/ఎస్‌డీబీ ఎంకేలేబుల్ జీపీటీ
సుడో పార్టెడ్ -ఏ ఆప్టిమల్ /డెవ్/ఎస్‌డీబీ ఎంకేపార్ట్ ఫుటేజ్ ఈఎక్స్‌టీ4 1ఎంఐబీ 100%

జీపీటీ అనే పార్టిషన్ పట్టిక ఎందుకంటే పాత ఎంబీఆర్ పద్ధతిలో, మామూలు 512 బైట్ల సెక్టార్ లెక్కన, 2.2 టీబీ దాటి చేరుకోలేం. ‘డిస్క్‌లో సగమే కనబడుతోంది’ అనే ఫిర్యాదుకి మూలం సాధారణంగా ఇదే. 1ఎంఐబీ నుంచి మొదలుపెట్టడం వల్ల పార్టిషన్ డిస్క్ లోపలి 4 కేబీ సెక్టార్లతో సరిగ్గా కలుస్తుంది. కలవకపోతే రాసే వేగం దెబ్బతింటుంది. ఇంకొకటి: ఫార్మాట్ చేసేటప్పుడు డిస్క్ యూఎస్‌బీ డాక్‌లో ఉండకూడదు, చివరికి ఎక్కడ ఉంటుందో ఆ సాటా పోర్టు మీదే చేయండి. కొన్ని డాక్‌లు సెక్టార్ సైజుని మార్చి చూపిస్తాయి. అక్కడ చేసిన పార్టిషన్ పట్టిక క్యాబినెట్‌లో పెట్టగానే ఖాళీ డిస్క్‌లా కనబడుతుంది.

సుడో ఎంకేఎఫ్ఎస్.ఈఎక్స్‌టీ4 -ఎల్ ఫుటేజ్ -ఎం 0 /డెవ్/ఎస్‌డీబీ1

ఇందులో ఎల్ పెద్దది, ఎం చిన్నది. చిన్న ఎల్ కొడితే చెడిపోయిన బ్లాకుల జాబితా ఉన్న ఫైలు ఇచ్చారనుకుని ‘ఫుటేజ్’ అనే ఫైలు కోసం వెతుకుతుంది. -ఎం 0 అన్నది డబ్బుతో సమానం: ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం చోటు రూట్ (సిస్టమ్ అడ్మిన్ ఖాతా) కోసం పక్కన పెడుతుంది. సిస్టమ్ డిస్క్ మీద అది అవసరమే. 4 టీబీ ఫుటేజీ డిస్క్ మీద మాత్రం దాదాపు 200 జీబీ ఊరికే పోయినట్టు. ఇప్పటికే ఫార్మాట్ అయిపోయి ఉంటే ట్యూన్2ఎఫ్ఎస్ -ఎం 0 తో తర్వాతైనా వెనక్కి తెచ్చుకోవచ్చు, డేటాకి ఏమీ కాదు. ఫార్మాట్ క్షణాల్లో అయిపోయి, మౌంట్ చేశాక ఎవరూ వాడకపోయినా డిస్క్ చాలాసేపు చప్పుడు చేస్తూ ఉంటే కంగారు పడకండి. ఐనోడ్ పట్టికలు సిద్ధం చేసే పని వెనకాల మెల్లగా నడుస్తోందన్నమాట.

విండోస్‌కి కూడా తీసుకెళ్లే డిస్క్ అయితే ఎక్స్‌ఫ్యాట్ పెట్టుకోవచ్చుగా అంటారు. లోపల బిగించిన డిస్క్‌కి వద్దు. ఎక్స్‌ఫ్యాట్‌కి జర్నల్ (చేయబోయే మార్పులను ముందే రాసి పెట్టుకునే చిట్టా) లేదు. కరెంటు పోయినప్పుడు ఈఎక్స్‌టీ4 మళ్లీ లేవగానే జర్నల్ చూసుకుని తనను తాను సరిచేసుకుంటుంది, ఎక్స్‌ఫ్యాట్‌కి ఆ వీలు లేదు. కస్టమర్‌కి ఇచ్చే పెన్‌డ్రైవ్‌కి ఎక్స్‌ఫ్యాట్, ఇంట్లో ఉండే డిస్క్‌కి ఈఎక్స్‌టీ4. ఎన్‌టీఎఫ్ఎస్‌లో వచ్చిన పాత డిస్క్‌ను లినక్స్‌కి తగిలిస్తే చదవడానికే ఒప్పుకుని రాయనివ్వకపోతే, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేసి పూర్తిగా షట్‌డౌన్ చేసి తెమ్మనండి. సగం నిద్రలో ఉన్న విండోస్ ఆ డిస్క్ మీద తాళం వదిలేసి వెళుతుంది.

ఇక మౌంట్ చేసే ఫోల్డర్. చాలామంది ఒక్క ఆదేశంలో తేల్చేసే పని ఇది, నష్టం ఎక్కువగా జరిగేదీ ఇక్కడే. డిస్క్ మౌంట్ కాకపోయినా /ఎంఎన్‌టీ/ఫుటేజ్ అనే ఫోల్డర్ ఉంటుంది, కాకపోతే అది ఎస్ఎస్‌డీ మీది ఖాళీ ఫోల్డర్. ఎడిటర్‌కి తేడా తెలియదు. కార్డులోంచి 64 జీబీ లాగి పడేస్తాడు, అది ఎస్ఎస్‌డీ మీద పడుతుంది. మర్నాడు డిస్క్ మౌంట్ అయితే నిన్నటి ఫుటేజీ కనబడదు. గోడ మీద రాసిన ఫోన్ నంబరుపై క్యాలెండర్ తగిలించినట్టే, కింద ఉన్నది ఎక్కడికీ పోదు, కనబడదంతే. ఈలోగా 256 జీబీ ఎస్ఎస్‌డీ నిండిపోతుంది. నిండిన రోజున లాగిన్ స్క్రీన్‌లో పాస్‌వర్డ్ కొడితే మళ్లీ అదే స్క్రీన్‌కి తిరిగొస్తుంది. అప్పుడు డిస్క్ పాడైందనో, వైరస్ అనో అనుకుంటారు.

కాబట్టి ముందు డిస్క్‌ని విప్పేసి (సుడో అమౌంట్ /ఎంఎన్‌టీ/ఫుటేజ్, ఇందులో ‘అన్‌మౌంట్’ అని పూర్తిగా కాదు, మొదటి ‘ఎన్’ లేకుండా కొట్టాలి) ఆ ఫోల్డర్‌లో ఏమైనా మిగిలి ఉందేమో చూడండి. మీ విషయంలోనూ ఉండవచ్చు. ఉంటే ఇంకో చోటికి తరలించండి. ఫోల్డర్ ఖాళీ అయ్యాక, డిస్క్ మౌంట్ కాని స్థితిలోనే, ఈ తాళం వేయండి:

సుడో ఎంకేడీఐఆర్ -పీ /ఎంఎన్‌టీ/ఫుటేజ్
సుడో సీహెచ్ఏటీటీఆర్ +ఐ /ఎంఎన్‌టీ/ఫుటేజ్

+ఐ పెట్టిన ఫోల్డర్‌లో రూట్ కూడా ఫైలు సృష్టించలేదు. దాని మీద డిస్క్ మౌంట్ కావడానికి మాత్రం అడ్డం రాదు. మౌంట్ అయితే డిస్క్ మీదికి రాస్తుంది, కాకపోతే కాపీ మొదట్లోనే తిరస్కరణ వస్తుంది. ఎడిటర్ విసుక్కుంటాడు, ఫుటేజీ మాత్రం చెల్లాచెదురు కాదు.

తర్వాత డిస్క్ గుర్తింపు సంఖ్య.

సుడో బీఎల్‌కేఐడీ /డెవ్/ఎస్‌డీబీ1

ఇందులో యూయూఐడీ, పార్ట్‌యూయూఐడీ రెండూ వస్తాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కావాల్సింది మొదటిది. పార్ట్‌యూయూఐడీ సంఖ్యను యూయూఐడీ= ఎదురుగా అతికిస్తే డిస్క్ ఎప్పటికీ దొరకదు. ఈఎక్స్‌టీ4 యూయూఐడీ హైఫన్లతో కలిపి 36 అక్షరాలు ఉంటుంది. మీకు నాలుగూ నాలుగు ఎనిమిది అక్షరాలే కనబడితే అది ఫ్యాట్ రకం పార్టిషన్, వేరేదాన్ని చూస్తున్నారు. చేత్తో కొట్టకుండా కాపీ చేసి అతికించండి. మళ్లీ ఫార్మాట్ చేస్తే ఈ సంఖ్య మారిపోతుంది. డీడీతో డిస్క్‌కి డిస్క్ నకలు తీస్తే రెండింటికీ ఒకటే సంఖ్య ఉంటుంది, అప్పుడు రెండూ ఒకేసారి తగిలిస్తే ఏది మౌంట్ అవుతుందో చెప్పలేం.

ఎఫ్‌స్టాబ్ ముట్టుకునే ముందు నకలు తీసుకోండి: సుడో సీపీ /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్ /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్.పాత. ఆ తర్వాత సుడో నానో /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్ అని తెరిచి, మీరు రాసిన ఎస్‌డీబీ1 లైను తీసేసి, ఇది పెట్టండి. అంతా ఒకే లైను:

యూయూఐడీ=మీ-సంఖ్య /ఎంఎన్‌టీ/ఫుటేజ్ ఈఎక్స్‌టీ4 డిఫాల్ట్స్,నోఫెయిల్,ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమవుట్=10ఎస్ 0 2

యూయూఐడీ అన్న నాలుగు అక్షరాలు పెద్దవి. ఆప్షన్ల మధ్య కామాల దగ్గర ఖాళీ వదలకూడదు. వదిలితే అక్కడితో ఆప్షన్లు అయిపోయాయనుకుని మిగతా ముక్కను తర్వాతి గడిలో వేసుకుంటుంది. నోఫెయిల్ అంటే డిస్క్ లేకపోయినా బూట్ ఆపొద్దని. టైమవుట్ వల్ల 90 సెకన్ల నిరీక్షణ 10కి తగ్గుతుంది. చివరి రెండు అంకెల్లో సున్నా పాతకాలపు డంప్ బ్యాకప్‌ది, దాన్నలా వదిలేయండి. 2 అంటే ఫైల్ సిస్టమ్ తనిఖీలో రూట్ భాగం (సిస్టమ్ ఉన్న పార్టిషన్) తర్వాత దీని వంతు. 1 రూట్‌కే. ఫోల్డర్ పేరులో ఖాళీ ఉంటే ఎఫ్‌స్టాబ్‌లో ఆ ఖాళీ చోట వెనక్కి వాలిన గీత, దాని పక్కన 040 రాయాలి. అసలు ఖాళీలు లేని పేరు పెట్టుకుంటే పోతుంది.

నోఫెయిల్ రాయమని అందరూ చెబుతారు, +ఐ గురించి చెప్పేవాళ్లు తక్కువ. నోఫెయిల్ ఒక్కటే పెడితే డిస్క్ లేకుండా సిస్టమ్ నిశ్శబ్దంగా లేచిపోతుంది, పైన చెప్పిన ఎస్ఎస్‌డీ నిండే గొడవ మొదలవుతుంది. రెండూ కలిపే పెట్టాలి.

సేవ్ చేశాక రీబూట్ చేయకండి. ముందు ఇక్కడే పరీక్షించండి.

సుడో సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్
సుడో ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై
సుడో మౌంట్ -ఏ
ఫైండ్‌ఎంఎన్‌టీ /ఎంఎన్‌టీ/ఫుటేజ్

మౌంట్ -ఏ ఏమీ మాట్లాడకుండా ఊరుకుంటే సాధారణంగా పని అయినట్టే. అయితే నోఫెయిల్ ఉంది కాబట్టి, సంఖ్య తప్పై డిస్క్ దొరక్కపోయినా అది నోరెత్తకపోవచ్చు. అందుకే చివరి ఆదేశం. అందులో /డెవ్/ఎస్‌డీ పేరు, ఈఎక్స్‌టీ4 కనబడాలి. లైను ఖాళీగా వస్తే మౌంట్ కాలేదు. ‘రాంగ్ ఎఫ్ఎస్ టైప్, బ్యాడ్ ఆప్షన్, బ్యాడ్ సూపర్‌బ్లాక్’ అని వస్తే డిస్క్ చచ్చిందని బెదిరిపోవద్దు. ఆ సందేశం అయిదారు వేర్వేరు తప్పులకు ఒకటే. ఎక్కువసార్లు కారణం ఎక్కడినుంచో కాపీ చేసిన యూఐడీ=1000 ఆప్షన్. అది ఎన్‌టీఎఫ్ఎస్, ఫ్యాట్ రకాలకే, ఈఎక్స్‌టీ4 దాన్ని ఒప్పుకోదు. అసలు కారణం కావాలంటే సుడో డీమెసేజ్ చివరి నాలుగు లైన్లు చూడండి (ఆదేశం డీ, ఎం, ఈ, ఎస్, జీ అక్షరాలు).

పర్మిషన్ డినైడ్ ఇప్పుడు తేలిగ్గా తేలిపోతుంది. కొత్త ఈఎక్స్‌టీ4 లోపలి మొదటి ఫోల్డర్ రూట్ సొంతం. మీరు మౌంట్ చేయకముందు ఫోల్డర్‌కి ఇచ్చిన అనుమతులు ఎస్ఎస్‌డీ మీది ఫోల్డర్‌కి పడ్డాయి, మౌంట్ అయ్యాక కనబడేది డిస్క్ సొంత అనుమతులు. అందుకే మౌంట్ అయి ఉన్నప్పుడే మార్చాలి. 777 పెట్టేయకండి. అలా పెడితే ఆ సిస్టమ్‌లో ఖాతా ఉన్న ప్రతివాళ్లూ అక్కడ డిలీట్ చేయగలరు. ఇద్దరు ముగ్గురు ఎడిటర్లు ఉన్నచోట గ్రూపు పెట్టడం మేలు:

సుడో గ్రూప్‌యాడ్ ఎడిటర్స్
సుడో యూజర్‌మాడ్ -ఏజీ ఎడిటర్స్ యూజర్‌పేరు
సుడో సీహెచ్ఓన్ రూట్:ఎడిటర్స్ /ఎంఎన్‌టీ/ఫుటేజ్
సుడో సీహెచ్‌మాడ్ 2775 /ఎంఎన్‌టీ/ఫుటేజ్

-ఏజీలో ఏ చిన్నది, జీ పెద్దది. ఆ ఏ మర్చిపోతే ఆ మనిషి ఎడిటర్స్‌లో చేరి మిగతా అదనపు గ్రూపులన్నిటిలోంచి, సుడోతో సహా, బయటికి వస్తాడు. గ్రూపుకి ‘వీడియో’ అని పేరు పెట్టొద్దు, ఆ పేరుతో ఉబుంటులో హార్డ్‌వేర్ అనుమతుల గ్రూపు ముందే ఉంది. 2775లోని 2 వల్ల లోపల కొత్తగా పుట్టే ప్రతి ఫోల్డర్ ఎడిటర్స్ గ్రూపుకే చెందుతుంది. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయ్యాకే గ్రూపు అమలవుతుంది. ‘లాస్ట్+ఫౌండ్’ ఫోల్డర్ కనబడితే అలా ఉంచేయండి, తనిఖీలో దొరికిన ముక్కలు పెట్టుకోవడానికి ఫైల్ సిస్టమ్ వాడుకుంటుంది.

అన్ని ప్రోగ్రాములూ తెరుస్తున్నాయి, ఒక్కటి మాత్రం డిస్క్ చూడలేకపోతోంది అంటే అది స్నాప్‌గా (మిగతా సిస్టమ్‌ని ముట్టుకోకుండా గిరి గీసి నడిపే ప్యాకేజీ) వేసినదై ఉంటుంది. సుడో స్నాప్ కనెక్ట్ ప్రోగ్రామ్‌పేరు:రిమూవబుల్-మీడియా అని అనుమతి ఇవ్వాలి. సాంబాతో ఈ ఫోల్డర్‌ను పక్క సిస్టమ్‌లకు పంచుతుంటే ఇంకో మెలిక ఉంది. నోఫెయిల్ ఉన్న డిస్క్ కోసం సర్వీసులు ఆగవు, సాంబా ముందే లేచి ఖాళీ ఫోల్డర్‌ను చూపించవచ్చు. సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ ఎస్ఎంబీడీ అని తెరిచి, యూనిట్ విభాగం కింద రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్=/ఎంఎన్‌టీ/ఫుటేజ్ అని చేర్చండి (ఆర్, ఎం, ఎఫ్ పెద్దవి; విభాగం పేరు [యూనిట్] అని బ్రాకెట్లలో ఉండాలి, అందులో మొదటి యూ పెద్దది).

ఇప్పుడు రీబూట్ చేయండి, కార్డ్ రీడర్ తగిలించే ఉంచి. అది సరిపోయాక షట్‌డౌన్ చేసి, డిస్క్ సాటా కేబుల్ పీకి, ఒకసారి ఆన్ చేయండి. మహా అయితే పది సెకన్ల ఆలస్యంతో మామూలుగా లేవాలి, /ఎంఎన్‌టీ/ఫుటేజ్‌లోకి ఏ ఫైలు వేసినా తిరస్కరించాలి. రెండూ జరిగితే సెట్టింగ్ సరిగ్గా ఉంది. ఈ పరీక్ష మూఢంలోనో, పని పల్చగా ఉన్నప్పుడో చేసుకోండి, ముహూర్తాల మధ్యలో వద్దు.

ఎఫ్‌స్టాబ్‌లో తప్పు పడి మళ్లీ ఎమర్జెన్సీ మోడ్ వస్తే ఎంటర్ కొట్టి షెల్‌లోకి వెళ్లండి. రూట్ భాగం చదవడానికే తెరిచి ఉంటే ముందు మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ / అని ఇచ్చి, నానోతో ఎఫ్‌స్టాబ్ తెరిచి, ఆ లైను ముందు # పెట్టి రీబూట్ చేస్తే చాలు. రూట్ ఖాతా లాక్ అయిందంటూ షెల్ ఇవ్వకపోతే ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేచి, ఎస్ఎస్‌డీ పార్టిషన్ తెరిచి అక్కడి ఎఫ్‌స్టాబ్‌ను సుడోతో సరిచేయండి. ఓఎస్ మళ్లీ వేయాల్సిన పనే లేదు, ఎవరైనా అలా చెప్పి డబ్బులు అడిగితే ఇవ్వకండి.

మన ఊరి ఎండల సంగతి కూడా. మేలో ఏసీ ఆపేసి రాత్రంతా రెండర్ పెడితే క్యాబినెట్‌లో డిస్క్ సులువుగా 50 దాటుతుంది. చాలా డిస్కులకు కంపెనీ చెప్పే పైహద్దు 60 డిగ్రీలు. స్మార్ట్ పట్టికలో 194వ నంబరు చూస్తూ ఉండండి, 50 దాటుతుంటే ముందు వైపు ఒక 120 ఎంఎం ఫ్యాన్ డిస్క్ మీదికి గాలి వచ్చేట్టు బిగించండి. యూపీఎస్ లేకుండా మాత్రం ఈ డిస్క్ వాడొద్దు. జర్నల్ ఫైల్ సిస్టమ్‌ను కాపాడుతుంది, కరెంటు పోయిన క్షణంలో కాపీ అవుతున్న ఫైలును కాదు. కార్డు ఫార్మాట్ చేసే ముందు కాపీ అయిన ఫైళ్ల సైజులు కార్డుతో సరిపోయాయో లేదో చూసుకోండి, ఆ ఫుటేజీ ఇంకో డిస్క్ మీద కూడా పడ్డాకే కార్డు ఖాళీ చేయండి.